ఆషాఢం గాలికి నిలిచిన రాళ్లు

కర్ణాటకలోని గౌరిబిదనూరు నుంచి నన్ను చింతామణి ఉపవిభాగానికి బదిలీ చేసింది కరోనా ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడు, జనవరి నెలాఖరులో. హోదా సహాయక కార్యనిర్వాహక ఇంజినీరు, ఆఫీసు భాషలో ఏ.ఇ.ఇ. తాలూకాలోని రోడ్లు, ప్రభుత్వ కట్టడాలు, వాటి మరమ్మతులు నా పని. పదవీ విరమణకు ఇంకా రెండేళ్లు ఉన్నాయి. పనిచేసిన శాఖ పేరు ఇక్కడ రాయడం లేదు. ఊరి పేరు, మనుషుల పేర్లు కూడా మార్చాను. తప్పు నాది. దాన్ని ఇంకొకరి నెత్తిన రుద్దే పని ఒకసారి చేశాను, అది చాలు.

రోడ్లు వేసే ఇంజినీరుకు హెలికాప్టర్లతో ఏం పని అని చాలామంది అడుగుతారు. పెద్దవాళ్లు సభలకు గాల్లో వచ్చి గాల్లో పోయే కాలం ఇది. విమానాశ్రయం లేని చోట దిగాలంటే తాత్కాలిక హెలిప్యాడ్ కావాలి. నేల చదును చేయించి, రోలరు తిప్పించి, మధ్యలో సున్నంతో వలయం గీసి అందులో పెద్ద హెచ్ అక్షరం వేయించి, దుమ్ము లేవకుండా ట్యాంకరుతో నీళ్లు కొట్టించేది మేమే. అక్షాంశ రేఖాంశాలు డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో రాసి పంపేదీ మేమే. అన్నీ అయ్యాక ఒక ధ్రువపత్రం మీద ఏ.ఇ.ఇ. సంతకం పెడతాడు. దిగే చోటు, వచ్చే దారి, పోయే దారి తాను స్వయంగా చూశాననీ, ఆ దారుల కింద కరెంటు తీగలు, జనావాసాలు, గాలికి లేచే వదులు వస్తువులు లేవనీ అందులో ఉంటుంది. అది జిల్లాధికారి ఆఫీసుకు, పోలీసులకు, హెలికాప్టరు కంపెనీకి పోతుంది. పైలట్ మా నేలను ముందుగా చూడడు. మా సంతకాన్ని చూస్తాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. హెలికాప్టరు నిట్టనిలువుగా లేచి మాయమవుతుందని జనం అనుకుంటారు. మొదట్లో నేనూ అనుకున్నాను. అది మనిషెత్తు లేచి కాసేపు నిలబడుతుంది. తర్వాత ముక్కు కాస్త వంచి, తక్కువ ఎత్తులోనే ముందుకు పరుగెత్తి, వేగం వచ్చాకే పైకి ఎగబాకుతుంది. వేగం లేకుండా ఎత్తులో ఉన్నప్పుడు ఇంజను ఆగితే పైలట్ చేతిలో ఏమీ ఉండదు, అందుకని. బరువు ఎక్కువైతే ఆ పరుగు ఇంకా పొడవవుతుంది. పైగా ఎప్పుడూ గాలికి ఎదురుగానే లేవాలి, గాలికి ఎదురుగానే దిగాలి. కాబట్టి ప్యాడ్ ఎక్కడ వేస్తామన్నది కాదు అసలు ప్రశ్న. దాని ముందర, గాలి వచ్చే దిక్కున, ఏముంది అన్నది అసలు ప్రశ్న.

ఆ ఫిబ్రవరిలో చింతామణి నుంచి బాగేపల్లి పోయే వైపున్న ఒక ఊళ్లో సభ పెట్టారు. మిట్టూరు అనుకోండి. ఒక పెద్ద నాయకుడు వస్తాడని వారం ముందు కబురు వచ్చింది. సభ ఏర్పాటు చేస్తున్నది ఆ ఊరి భూస్వామి, శంకరరెడ్డి అందాం. మనిషి మంచివాడే, మాట మెత్తన, కానీ తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. నేను, నా కింది జూనియర్ ఇంజినీరు మంజుల, రెండు చోట్లు చూశాం. ఒకటి ఊరికి దక్షిణాన మైలు దూరంలో ఉన్న బీడు. దానికి తూర్పునా పడమరా కోసేసిన వేరుశనగ చేలు తప్ప ఏమీ లేవు. కాకపోతే అక్కడి నుంచి సభకు వచ్చే బండి దారిని రెండు రోజులు పడి బాగుచేయాలి. రెండోది ఊరికి పడమట ఉన్న హైస్కూలు మైదానం. వేదిక దాని పక్కనే.

మంజుల బీడు అంది. కారణం కూడా చెప్పింది. ఆ నెలల్లో మా వైపు పొద్దున పూట గాలి తూర్పు నుంచి వీస్తుంది. మైదానంలో దిగేటప్పుడు హెలికాప్టరు పడమటి చేల మీదుగా వస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు. లేచేటప్పుడు మాత్రం తూర్పుకే పోవాలి, తూర్పున స్కూలు గోడ దాటితే ఊరి అంచు. అక్కడ వరుసగా ఆరేడు పట్టుపురుగుల షెడ్లు.

శంకరరెడ్డి మైదానమే అన్నాడు. "ఊరంతా చూడాల సార్. బీట్లో దిగితే గొర్రెలు తప్ప ఎవురు చూస్తారు?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. బండి దారి బాగుచేయించే శ్రమ తప్పుతుందన్నది నా మొదటి ఆలోచన. రెండోది ఇంకా చిన్నది. మాది బాగేపల్లి పక్కన పరగోడు దగ్గరి పల్లె. ఆ సభకు మా వైపు వాళ్లు, నాతో చదువుకున్నవాళ్లు చాలామంది వస్తారని తెలుసు. సున్నం వలయం పక్కన తెల్లచొక్కా వేసుకుని నిలబడి హెలికాప్టరును దింపుకునేది నేనని వాళ్లు చూడాలని నాకు ఉండింది. యాభై ఎనిమిదేళ్ల వయసులో ఇదొక కోరిక. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ దీన్ని వదిలేసి మిగతాది రాస్తే అబద్ధమవుతుంది.

పోయే దారిని నడిచి చూడాలన్నది మా పద్ధతి. ప్యాడ్ నుంచి గాలికి ఎదురుగా, హెలికాప్టరు ఎత్తు అందుకునేంత దూరం, కింద ఏముందో చూసుకుంటూ నడవాలి. నేను నడవలేదు. స్కూలు మిద్దె ఎక్కి చూశాను. మిద్దె మీదికి హెడ్మాస్టరు కుర్చీ వేయించి మజ్జిగ పంపాడు. అక్కడి నుంచి ఆ షెడ్లన్నీ శుభ్రంగా కనిపించాయి. సిమెంటు రేకుల కప్పులు, వాటి మీద వరుసగా రాళ్లు.

రాళ్ల సంగతి మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. రేకుకు బెజ్జం వేసి బోల్టు బిగిస్తే ఆ బెజ్జంలోంచి వాన కారుతుందని మావాళ్లు బెజ్జం వేయరు. రేకు పరిచి, పైన తలకాయంత గుండ్రాళ్లు పెడతారు. మా అమ్మ వంటిల్లు అలాగే ఉండేది. ఆషాఢంలో మా వైపు గాలి ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. దానికి కూడా ఆ రాళ్లు కదలవు. ఆ రోజు మిద్దె మీద మజ్జిగ తాగుతూ నేను సరిగ్గా అదే అనుకున్నాను. ఆషాఢం గాలికి నిలిచినవి, అరనిమిషం హెలికాప్టరు గాలికి నిలవవా?

ఇంజినీరింగ్ చదివినవాడు అనుకోవలసిన మాట కాదది. ఆషాఢం గాలి పడమటి గాలి. అందుకే మావాళ్లు షెడ్డుకు పడమటి పక్క నిండుగోడ కడతారు. తూర్పు పక్క పురుగులకు గాలి ఆడాలని వల, గోనెపట్టాలు మాత్రమే ఉంటాయి. గోడ ఉన్నంతసేపు పడమటి గాలి లోపలికి దూరదు, కప్పు మీదుగా పోతుంది, రాయి పని రాయి చేస్తుంది. హెలికాప్టరు గాలికి దిక్కు లేదు. అది పైనుంచి నేలను కొట్టి నాలుగు పక్కలకూ చిమ్ముతుంది. తూర్పు వలలోంచి దూరి రేకును కిందినుంచి లేపుతుంది. రేకు లేస్తే దాని మీది రాయి బరువు కాదు, ఊడి పడే వస్తువు. ఈ నాలుగు వాక్యాలు ఆలోచించడానికి ఆ రోజు నాకు తీరిక లేకపోయింది.

మిద్దె దిగి జీపు ఎక్కుతుంటే ఒక ఆడమనిషి గోడ పక్కనుంచి వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. చేతుల నిండా మల్బరీ ఆకు వాసన. పేరు నారాయణమ్మ. గోడ అవతల మొదటి షెడ్డు ఆమెదే. భర్త లేడు. మరిది కుటుంబం పక్కింట్లో ఉంటుంది. అర ఎకరం మల్బరీ తోట, ఆ షెడ్డు, పురుగులు, అదే ఆమె బతుకు.

"ఏమప్పా, ఆ ఎలికాప్టరు మా షెడ్డు మీదనే పోతాదంట గదా. నా పురుగు నాలుగో జ్వరం లేచి ఆకు తినేది అయిపోయింది. ఎల్లుండికి పండుతాది. చంద్రికలన్నీ పరుచుకొని ఉంటాను. షీట్ల మీద రాళ్లు దించేయాల్నా? పురుగులు వేరే యాడికన్నా ఎత్తుకోవాల్నా?"

పట్టుపురుగులు పెంచనివారికి చెప్పాలి. పురుగు పొర విడిచే ప్రతిసారినీ మావాళ్లు జ్వరం అంటారు. నాలుగు జ్వరాలు దాటి, కడుపునిండా తిని, ఒళ్లు పచ్చబడి మెరిస్తే పురుగు పండినట్టు. అప్పుడు ఒక్కొక్కదాన్నీ చేత్తో ఏరి, చంద్రిక అనే వెదురు తడిక మీద వేయాలి. గూడు కట్టేది దాని మీదే. ఆ పూట తప్పితే నెల రోజుల చాకిరీ నేల పాలు. ఊరంతా తిరునాళ్లకు పోయినా పురుగు పండిన ఇంటివాళ్లు పోరు.

అంటే ఎల్లుండి, సభ జరిగే పొద్దున, ఆ షెడ్డులో మనిషి తప్పకుండా ఉంటుందని నాతో చెప్పింది. వదులు రాళ్లు ఉన్నాయని చెప్పింది. తీయమంటే తీస్తానంది. ధ్రువపత్రంలోని మూడు అంశాల్లో రెండింటిని ఆమే నా ముందు పెట్టింది.

"ఏం కాదులేమ్మా," అన్నాను. "ఆషాఢం గాలికే కదల్లేదు, దీనికి కదుల్తాయా? నీ పని నువ్వు చేసుకో పో."

ఆమె మొహం తేటపడింది. "నువ్వు చెప్పినావు గదప్పా, సాలు," అని వెళ్లిపోయింది. మంజుల జీపులో నా వెనక కూర్చుని ఇదంతా వింది. ఆ సాయంత్రం ఆఫీసులో ధ్రువపత్రం మీద సంతకం పెట్టాను.

సభ రోజు పొద్దున తూర్పు గాలే వీచింది. పచ్చిగడ్డి కాల్చి పొగ పెట్టించాను. పొగ వంగిన వైపును బట్టి పైలట్‌కు గాలి దిక్కు తెలుస్తుంది. పది దాటాక హెలికాప్టరు పడమటి చేల మీదుగా వచ్చి, వలయం మధ్యలో పువ్వు పెట్టినట్టు దిగింది. జనం ఈలలు వేశారు. చెప్పకేం, నా ఛాతీ కూడా పొంగింది.

గంటన్నరలో సభ అయిపోయింది. తిరిగిపోయేటప్పుడు నాయకుడి వెంట శంకరరెడ్డి, ఇంకొక ముఖ్యుడు కూడా ఎక్కారు. బాగేపల్లిలో ఇంకో కార్యక్రమం ఉంది, అక్కడిదాకా. వచ్చినప్పటికంటే ఇద్దరు ఎక్కువ. పైలట్ దిగి వచ్చి నన్ను పక్కకు పిలిచాడు. నెరిసిన మీసాలవాడు, సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. దిగేటప్పుడు గోడ అవతల షెడ్లు చూశాననీ, అవి ఏమిటనీ ఇంగ్లీషులో అడిగాడు. లోపల మనుషులున్నా, కప్పులు వదులుగా ఉన్నా చెప్పమన్నాడు. ఆ ఇద్దరినీ కారులో పంపేస్తే బరువు తగ్గుతుంది, అప్పుడు గాలికి కాస్త అడ్డంగానైనా ఉత్తరపు వైపు ఖాళీ మీదుగా లేవగలను, నాకేమీ అభ్యంతరం లేదు అన్నాడు.

హెలికాప్టరు కిటికీలోంచి శంకరరెడ్డి మెడలో దండతో జనానికి చేయి ఊపుతున్నాడు. ఆయన్ను దిగమని చెప్పాల్సింది నేను. పైగా దిగమంటే, ముందే బీడు ఎందుకు చూడలేదన్న ప్రశ్న వస్తుంది. నేను సంతకం పెట్టిన కాగితం పైలట్ చేతిలో ఉంది.

"సామాన్లు పెట్టుకునే షెడ్లు. మనుషులు లేరు. అంతా క్లియర్," అన్నాను.

ఆయన నా మొహం ఒక క్షణం చూసి, తల ఊపి వెళ్లిపోయాడు. ఆయన తప్పు ఇందులో వెంట్రుకవాసి కూడా లేదు.

హెలికాప్టరు లేచింది. కాసేపు నిలబడింది, ముక్కు వంచింది, బరువుగా, గోడ మీదుగా, రెండు కొబ్బరిచెట్ల ఎత్తులో తూర్పుకు పోయింది. మొదటి షెడ్డు మీద రేకులు ఒక్కసారిగా పైకి లేచి విరిగి పడ్డాయి. దుమ్ములో చంద్రికలు ఎగరడం కనిపించింది. ఆ చప్పుడులో కేక వినపడలేదు. జనం ఇంకా పైకి చూస్తూ చేతులు ఊపుతున్నారు. మొదట గోడ దూకి పరుగెత్తింది మంజుల.

రాయి నారాయణమ్మ కుడిచేతి మీద పడింది. రేకులు లేవడం చూసి ఆమె బయటికి పరుగెత్తలేదు. పురుగులున్న చంద్రికను కాపాడుకోవడానికి దాని మీద చేయి అడ్డం పెట్టిందట. హెలికాప్టరు కనుమరుగయ్యేదాకా అంబులెన్సు ప్యాడ్ దగ్గరే ఉండాలన్నది నియమం కాబట్టి అది అక్కడే ఉంది. చింతామణి ఆసుపత్రికి తీసుకుపోయారు. మణికట్టు, వేళ్ల ఎముకలు నుజ్జయ్యాయి. షెడ్డు నేల మీద పండిన పురుగులు మట్టిలో పాకుతున్నాయి. నేను కాలు ఎక్కడ పెట్టాలో తెలియక గుమ్మంలోనే నిలబడిపోయాను.

జిల్లాధికారి ఆఫీసు మూడు రోజుల్లో నివేదిక ఇమ్మంది. కర్ర విరగకుండా పాము చావకుండా రాయడం ముప్పై ఏళ్లుగా అలవాటైన చేయి నాది. ఆ నివేదికలో మాత్రం కర్రను కాపాడి మనిషిని కొట్టాను. అందులోని ఒక వాక్యం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. తెలుగులో చెప్పాలంటే ఇది: "తగిన ముందస్తు సూచనలు ఇచ్చినప్పటికీ యజమానురాలు రేకులను బిగించక రాళ్లు పెట్టుకొన్నందున, సదరు ఘటన ఆమె నిర్లక్ష్యం వల్ల సంభవించినది." గాయపడిన మహిళకు తక్షణం వైద్యసహాయం అందించడమైనది అని కింద ఇంకో వాక్యం, నా ఘనతగా.

స్థల పరిశీలనలో తోడున్న జూనియర్ ఇంజినీరు కూడా సంతకం పెట్టాలి. మంజుల నివేదిక రెండుసార్లు చదివింది. "ముందస్తు సూచన మనమేమిచ్చినాము సార్?" అంది. ఇంకా ప్రొబేషన్‌లో ఉన్న పిల్ల. ప్రొబేషన్ పూర్తయిందని రాయవలసిన అధికారిని నేను. ఆ మాట నోటితో అనలేదు. ఆమె సర్వీసు ఫైలు బల్ల మీద ఉంటే దాన్ని కొంచెం పక్కకు జరిపాను, అంతే. ఆమె సంతకం పెట్టింది. ఆ తర్వాత పని ఉంటే తలుపు దగ్గర నిలబడే మాట్లాడేది, ఎంత చెప్పినా కూర్చునేది కాదు.

నిర్లక్ష్యం అన్న ఆ మాట వల్ల నారాయణమ్మ పెట్టుకున్న పరిహారం అర్జీ తిరస్కరించారు. కొత్త షెడ్డు కట్టుకోవడానికి ఇచ్చే సాయం కూడా రాలేదు. అది కాగితాల సంగతి. ఊళ్లో జరిగింది వేరే. ఇంజినీరప్పే రాసిండాడు, ముందే చెప్పినా వినలేదంట, అని మరిది మొదలుకొని అందరూ ఆమెనే అన్నారు.

నెల తర్వాత ఆమె నా ఆఫీసుకు వచ్చింది. చేతికి పిండికట్టు, మెడకు వేలాడే గుడ్డ. కోపంగా రాలేదు. అర్థం కానిది ఒకటి అడగడానికి వచ్చినట్టు వచ్చింది.

"అప్పా, తాలూకాఫీసులో మీరు రాసిండేది చదివి చెప్పినారు. నాకు ముందే చెప్పినట్ల రాసిండారంట. మీరు నాతో చెప్పింది ఏం కాదులేమ్మా అని గదా. వేరే ఎవురితోనన్నా చెప్పి, మర్చిపోయి నాతో చెప్పినామని రాసినారేమో అని అడిగిపోదామని వచ్చినాను. ఊళ్లో నన్ను మనిషిగా చూడ్డం లేదప్పా. ఒక మాట సరిచేసి రాసిస్తే సాలు, నాకింకేమీ వద్దు."

నాకు తప్పించుకోవడానికి ఆమే దారి చూపింది, మర్చిపోయినారేమో అని. నేను ఆమెకు కన్నడంలో జవాబిచ్చాను. "ఫైలు మేలక్కె హోగిదె అమ్మా, నన్న కైయల్లి ఏనూ ఇల్ల." ఫైలు పైకి పోయింది, నా చేతిలో ఏమీ లేదని. మా వైపు అందరికీ రెండు భాషలూ వస్తాయి, ఏది ఎక్కడ మాట్లాడాలో ఎవరూ ఆలోచించరు. కానీ ఆమె మా అమ్మ భాషలో అడిగితే నేను సర్కారు భాషలోకి పోయి దాక్కున్నాను. ఆ సంగతి ఆమెకు అర్థమైంది. "ఆయితు స్వామీ," సరే అని, తానూ కన్నడంలోనే అని లేచింది. అప్పా అని పిలవలేదు. గది తలుపు ఎడమచేత్తో తీయడం రాక కాస్త తడబడింది. నేను లేచి తీయలేదు.

రెండేళ్లకు రిటైరయ్యాను. శాలువా, దండ, నిజాయితీపరుడైన అధికారి అని ఉపన్యాసాలు. అన్నీ కూర్చుని విన్నాను.

ఇంకొక ఏడాదికి చిక్కబళ్ళాపురంలో కొత్త ఇంజినీర్ల శిక్షణకు పిలిచారు. తాత్కాలిక హెలిప్యాడ్ల మీద ఒక గంట పాఠం. గాలి దిక్కు, పరుగు, బరువు, అన్నీ బోర్డు మీద గీసి చెప్పాను. "కాగితం నమ్మొద్దు, కళ్లు నమ్మొద్దు, పోయే దారిని కాళ్లతో నడవండి," అని గట్టిగా ముగించాను. చప్పట్లు కొట్టారు. ప్రశ్నలుంటే అడగమన్నాను. చివరి వరుసలోంచి మంజుల లేచింది. అప్పటికి వేరే తాలూకాలో ఉంది, తన కింది వాళ్లను పాఠానికి తీసుకొచ్చింది. ఆమె ఉన్నట్టు నేను గమనించలేదు.

"మిట్టూరులో మనం నడిచినామా సార్?" అంది.

ఎత్తిపొడుపు లేదు గొంతులో. మీరు అనలేదు, మనం అంది. తన సంతకాన్ని కూడా లెక్కలో వేసుకుంది. అరవై మంది నా మొహం చూస్తున్నారు. "లేదు," అన్నాను. అరవై ఒక్క ఏళ్లకు, మంది ముందర, చేతిలో సుద్దముక్కతో తలదించుకున్నాను. ఆ రోజు నాకు కలిగిన సిగ్గు మంచిదని ఇప్పుడు అనను. అది రావలసిన రోజున రాలేదు, నలుగురూ చూసినప్పుడు వచ్చింది.

ఆ వారంలోనే కూర్చుని ఒక పేజీ రాశాను. ఆమె నన్ను అడిగిందనీ, ఏం కాదని నేను చెప్పాననీ, పోయే దారిని నడవలేదనీ, పైలట్‌తో అబద్ధం చెప్పాననీ, సూచన ఇచ్చామన్న వాక్యం నా కల్పన అనీ, మంజులతో బలవంతంగా సంతకం పెట్టించాననీ. ఒక ప్రతి ఆఫీసుకు రిజిస్టరు పోస్టులో పంపాను. ఇంకొకటి తీసుకుని మిట్టూరు పోయాను.

నారాయణమ్మ పురుగులు పెంచడం మానేసింది. కుడిచేతి రెండు వేళ్లు ముడవవు, పండిన పురుగును నలగకుండా ఏరాలంటే అన్ని వేళ్లూ కావాలి. మల్బరీ ఆకు కోసి పెంచేవాళ్లకు అమ్ముతుంది. షెడ్డుకు గోడలున్నాయి, కప్పు లేదు. నన్ను గుర్తుపట్టి కూర్చోమంది. నేను వచ్చిన పని చెప్పాను, ఈసారి తెలుగులోనే. కాగితం చేతికి ఇవ్వబోతే తీసుకోలేదు.

"నాకు చదవను రాదు. నువ్వే చదువప్పా. ఈడ కాదు, వీధిలో నిలబడి చదువు. మా మరిదికి వినపడాల."

వీధిలోకి వచ్చి నిలబడి చదివాను. మొదటి వాక్యానికి మరిది బయటికి వచ్చాడు. తర్వాత ఇరుగుపొరుగు. ఆకుల మోపు దించి ఒకామె నిలబడింది. పేజీ అయ్యాక మరిది, "ఇన్నేళ్లు ఏమి చేస్తాండారు సామీ?" అన్నాడు.

నారాయణమ్మ కాగితాన్ని ఎడమచేత్తో తీసుకుని మడిచి కొంగున కట్టుకుంది. తిట్టలేదు, క్షమించాననీ అనలేదు. "ఆ పొద్దు, నాకు తెలీదమ్మా, ఎందుకైనా మంచిది పక్కన ఉండు అని ఒక్క మాట అనింటే చాలు గదప్పా. నాలుగు చంద్రికలు ఎత్తుకొని తోటలోకి పోయుంటాను. నేనేమి చదువుకున్నదాన్నా? నువ్వు చెప్తావనే గదా అడిగింది," అంది. తర్వాత ఆకు వాడిపోతుందని తోటకు వెళ్లిపోయింది.

ఆఫీసు నుంచి రెండు నెలలకు జవాబు వచ్చింది. మీ లేఖ అందినది, విషయం ముగిసినందున ఫైలులో చేర్చడమైనది, అని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. అందులో కాలిన చేయి నాది కూడా కాదు. ఫైలును మళ్లీ తెరవమని ఇంకో అర్జీ పెట్టాను. మంజుల తన తరఫున ఒకటి పెట్టింది. అది ఇంకా నడుస్తోంది.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది కొంచెమే. హెలికాప్టరు దిగే చోటును అందరూ చూస్తారు, మీరు అది పోయే దారిని చూడండి, మిద్దె మీద నుంచి కాదు, కింద నడిచి. మనకు పుట్టినప్పటి నుంచి తెలిసిన గాలిని బట్టి తెలియని గాలిని అంచనా వేయకండి. ఆ దారి కింద బతికే మనిషి వచ్చి అడిగితే తెలిసింది చెప్పండి, తెలియకపోతే తెలియదని చెప్పండి. నారాయణమ్మ అడిగిన రోజున నాకు నిజంగా తెలియదు. ఆ ముక్క చెప్పి ఉంటే ఆమె చేయి ఆమెకు ఉండేది.